కూర్మస్మరణము

గురుశిష్య సంబంధమును వివరించునపుడు మన పెద్దలు మూడు ప్రాణులను ఉదాహరణముగ చెప్పుదురు. కోడి తన గ్రుడ్లను రెక్కల క్రింద పొదిగి పిల్లలను చేయును, అది స్పర్శదీక్ష. చేప తన గ్రుడ్లను చూపుతోడనే పెంచును, అది దృగ్దీక్ష. తాబేలు ఒడ్డున గ్రుడ్లు పెట్టి, నీటిలోనికి మరలిపోయి, ఎంత దూరమున నున్నను వానిని మనస్సులో తలచుకొనుచుండును; ఆ తలపు వేడికే గ్రుడ్లు పొదుగును; అది మానసదీక్ష. కూర్మము చేయు ఈ స్మరణమే ఉత్తమగురువు లక్షణమని వారి తాత్పర్యము.

ఉపమానము మనోహరమైనది. దానిలోని పరిశీలనయు సగము సత్యమే. తాబేలు గ్రుడ్లను పొదుగదు. పెట్టి, కప్పి, నీటిలోనికి పోవును. మరల వచ్చి చూడదు. తన బిడ్డల ముఖమెట్టిదో అది ఎన్నడును ఎరుగదు. తక్కిన సగము సత్యము వేరొక విధముగ నున్నది. గ్రుడ్లను పొదుగునది తల్లి తలపు కాదు, ఇసుక వేడి. తలచుకొనునది తల్లి కాదు, బిడ్డ. ఏ తీరపు ఇసుకలో తాను కన్ను తెరచినదో ఆ తీరమును సముద్రపు తాబేటి ఆడుబిడ్డ మరువక, పెరిగి పెద్దదై, ఎన్నో ఏండ్లకు తాను గ్రుడ్లు పెట్టుటకు ఆ ప్రాంతమునకే మరలివచ్చును. ఈ స్మరణ ఎంత కచ్చితమైనది, ఎంత మేర విస్తరించినది అను ప్రశ్నకు హైదరాబాదులోని ఒక విజ్ఞానకేంద్రము 2004లో చెప్పిన సమాధానము కృష్ణా గోదావరీ తీరవాసులకు ముఖ్యమైనది. అది మన పాఠశాలలకు చేరవలసినంతగా చేరలేదు.

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల బాలునకు తాబేలనగానే స్ఫురించునది కొల్లేటి తాబేలు. కొల్లేటిలోను, చుట్టునున్న చెరువులలోను, వరిపొలముల బోదెలలోను బ్రతుకు మంచినీటి ప్రాణి అది. దాని పొట్ట అంచున తలుపు రెక్కలవంటి చర్మపు మడతలున్నవి. కాళ్లు ముడుచుకొనినపుడు వానితో మూసికొనును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో పులితోపాటు చోటు పొందిన ప్రాణి ఇది. అయినను దానిని మాంసము కొరకు పట్టుటయు, సంచులలో నింపి దొంగతనముగ తరలించుటయు ఆగలేదు.

అయితే కొల్లేటి కథ కొల్లేటితోనే ముగియదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరు ఆ సరస్సున నిలిచి, ఉప్పుటేరు త్రోవను బంగాళాఖాతమును చేరును. ఉప్పుటేరు సముద్రమున కలియు చోటు, పేరుపాలెము ఇసుకతిన్నెలు, అంతర్వేదికడ సాగరసంగమము, కాకినాడ ఎదుట హోప్ దీవి, ఇటు దక్షిణమున కృష్ణానది మొగలు - ఈ తీరమంతయు వేరొక తాబేటికి పురిటిల్లు. దాని పేరు ఆలివ్ రిడ్లీ. పెంకు పొడవు రెండడుగులకు పైగా ఉండును. బరువు నలువది కిలోల ప్రాంతము. సముద్రపు తాబేళ్లలో చిన్నవానిలో ఒకటి. ఇదియు మొదటి షెడ్యూలు ప్రాణియే. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్యవారు దీనిని ముప్పునకు గురియైన జాతులలో చేర్చిరి.

జనవరి మొదలు ఏప్రిల్ వరకు, చీకటి పడిన పిమ్మట, ఆడ తాబేలు కెరటముల వెంట ఒడ్డు చేరును. నీటిలో రెక్కలవలె తేలికగ ఆడు కాళ్లు ఒడ్డున బరువగును. ప్రాకుచు, ఆగుచు, నిట్టూర్చుచు, పోటునీరు తాకని మెట్టయిసుకకు పోవును. అచట వెనుకకాళ్లతో అడుగున్నర లోతున గొయ్యి త్రవ్వును. గొయ్యి కుండ ఆకారముగ నుండును. మెడ సన్నము, అడుగు వెడల్పు. అందులో తెల్లని మెత్తని పెంకుగల గ్రుడ్లు నూటికి అటు ఇటుగ పెట్టును. ఆ సమయమున దాని కన్నుల వెంట నీరు కారుట చూచి ప్రసవవేదన అని జనులు జాలిపడుదురు. అది వేదన కాదు. త్రాగిన ఉప్పునీటిలోని ఉప్పును వెలిబుచ్చు గ్రంథి కంటికడ నుండుటచే కారు నీరు. తరువాత ఇసుక కప్పి, తన బరువుతో ఇటునటు ఊగుచు, దిమ్మిస కొట్టినట్లు ఆ చోటును చరచి గట్టిపరచును. పని అంతయు గంటలోపుగనే ముగించుకొని వెడలిపోవును. ఒడ్డున మిగులునది రెండు చాళ్ల అడుగుజాడ. తెల్లవారుసరికి దానిని గాలి చెరిపివేయును.

అటుపై నలువదియైదు మొదలు అరువది దినములు ఇసుకయే తల్లి. ఈ ప్రాణికి ఆడ మగ నిర్ణయము మనకు వలె క్రోమోసోములు చేయవు. ఇసుక వేడి చేయును. గూటి వేడి సుమారు 29, 30 డిగ్రీల నడుమ ఉన్నచో రెండును పుట్టును. తగ్గినకొలది మగవి, పెరిగినకొలది ఆడవి అధికమగును. భూమి వేడెక్కుచున్న ఈ దినములలో ఇది వట్టి వింత కాదు. ఆస్ట్రేలియా ఉత్తరతీరపు పగడపుదిబ్బల పచ్చతాబేళ్లను పరీక్షించి 2018లో ప్రకటించిన ఒక పరిశోధనలో, అచటి పిల్లతాబేళ్లలో నూటికి తొంబదితొమ్మిది ఆడవే అని తేలినది. మగవి లేని వంశమునకు ఎంత జనసంఖ్య ఉన్నను ముందు నడక లేదు. ఒక తీరము వేడెక్కినపుడు వేరొక చల్లని తీరము మగబిడ్డలను ఈయవలెను. కనుక గూళ్లు ఎన్ని అనునదే కాక, ఎన్ని విధములైన ఒడ్డులలో ఉన్నవి అనునదియు విచారింపవలసిన విషయము.

ఇచటనే మన తీరమునకు అన్యాయము జరుగుచున్నది. ఆలివ్ రిడ్లీ అనగానే లోకమునకు తెలిసినది ఒడిశా. అచటి గహీర్మఠ తీరమున వేలాది తాబేళ్లు ఒకేమారు ఒడ్డెక్కి గ్రుడ్లుపెట్టు వైనము 1974లో శాస్త్రలోకమునకు తెలిసెను. ఋషికుల్యా నదీముఖమున జరుగునది 1994లో తెలిసెను. 2025లో ఋషికుల్యకడ దాదాపు 7 లక్షల గూళ్లు లెక్కకు వచ్చినవి. ఈ సామూహికాగమనమును స్పానిష్ మాటతో అరిబాడా అందురు. రాక అని దాని అర్థము. దాని ముందు మన తీరపు లెక్క ఏపాటి? హోప్ దీవిలోనో, పేరుపాలెమునకడనో ఒక రాత్రి ఒకటి, మరునాడు రెండు. కావున మనవి దారితప్పి వచ్చిన వానివంటివనియు, అసలు సంసారమంతయు ఒడిశాలోనే ఉన్నదనియు, ఇచట నాలుగు గూళ్లు పోయినంత మాత్రమున లోపమేమనియు వాదించుటకు వీలు కలిగినది. తీరమున కట్టడములు కట్టదలచినవారికి ఇంతకంటె అనుకూలమైన వాదము లేదు.

ఈ వాదమును పరీక్షించుటకు కంటిచూపు చాలదు. రెండు తాబేళ్లను ప్రక్కప్రక్కన నిలిపినను ఏది ఏ యింటిదో తెలియదు. అందుకు జన్యుపరీక్ష కావలెను. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున కార్తీక్ శంకర్, లాల్జీ సింగ్, రమేశ్ అగర్వాల్ మొదలైనవారు ఈ పనికి పూనుకొనిరి. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో వివరించుటకు ఒక తేలిక మార్గమున్నది. మనకు ఇంటిపేరు, గోత్రము తండ్రివైపు నుండి వచ్చును. ప్రతి ప్రాణికణములోను మైటోకాండ్రియా అను సూక్ష్మభాగమొకటి కలదు. దానిలోని డీఎన్ఏ తల్లి నుండియే బిడ్డలకు సంక్రమించును. అనగా అది తల్లివైపు గోత్రము. తండ్రి ఏ సముద్రమువాడైనను దానిని మార్చడు. ఆడ తాబేళ్లు తరతరములుగ ఒక్కొక్క ఒడ్డునకే తిరిగివచ్చుచున్నచో ఒక్కొక్క ఒడ్డునకు ఒక్కొక్క గోత్రము ఏర్పడి తీరవలెను. ఒడిశా గోత్రము వేరు, గోదావరి గోత్రము వేరు కావలెను.

అట్లు కాలేదు. తూర్పుతీరమున సుమారు 2000 కిలోమీటర్ల మేర తాబేళ్లను పరీక్షించి 2004లో వారు ప్రకటించిన ఫలితము ప్రకారము, ఆ పొడవున ఒడ్డునకు ఒడ్డునకు జన్యుభేదము కానరాలేదు. లక్షలుగ గుమిగూడి గ్రుడ్లు పెట్టునవి, ఒంటరిగ వచ్చి పెట్టునవి వేరువేరు వంశములవి కావు. ఒడిశాలో మందగ ఒడ్డెక్కునదియు, మన ఒడ్డున ఒంటరిగ ఎక్కునదియు ఒకే ఇంటి ఆడుబిడ్డలు. ఇది మొదటి ఫలితము. రెండవది ఇంకను ఆశ్చర్యకరమైనది. తక్కిన సముద్రములలోని ఆలివ్ రిడ్లీలతో పోల్చిచూడగ, భారత తూర్పుతీరపు తాబేళ్ల మాతృవంశము విలక్షణమైనదని తేలినది. అంతేకాక, నేడు పసిఫిక్, అట్లాంటిక్ సముద్రములలో వ్యాపించియున్న ఈ జాతికంతటికి మన తీరమువారే మూలశాఖ అని వారు అభిప్రాయపడిరి. అనగా పేరుపాలెము ఇసుకలో ఒక రాత్రి గ్రుడ్లు పెట్టిపోవు తాబేలు దారితప్పిన అతిథి కాదు. ఆ వంశమునకు ప్రాతయిల్లు ఇదే.

ఈ ఫలితము స్మరణను గూర్చియు ఒక మాట చెప్పుచున్నది. పుట్టిన అడుగు ఇసుకకే తాబేలు మరలివచ్చునని పుస్తకములలో వ్రాయుదురు. కొన్ని జాతుల విషయమున అది చాలవరకు నిజము. మన రిడ్లీ స్మరణ అంత బిగువైనది కాదు. అది ఒడ్డును కాక తీరమును గుర్తుంచుకొనును. గహీర్మఠకడ 2021లో గుర్తుబిళ్ల తగిలించిన ఒక తాబేలు 2025 జనవరిలో పడమటితీరమున, మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గ్రుడ్లు పెట్టుచు కనబడినది. ఇది లోపమని తలపరాదు. నదీముఖములకడ ఇసుక స్థిరము కాదు. హోప్ దీవియే గోదావరి తెచ్చి కుప్పవోసిన ఇసుకదిబ్బ. గత రెండు శతాబ్దములలో పెరిగినది. ఒక తుపాను వచ్చినచో నిన్నటి తిన్నె నేడు నీటిపాలగును. వేరొకచోట క్రొత్తతిన్నె లేచును. ఇట్టి తీరమున పుట్టినచోటే కావలెనని పట్టుపట్టు ప్రాణి ఎప్పుడో నశించియుండెడిది. ఇచ్చట కాకున్న అచ్చట అను ఆ వెసులుబాటే రిడ్లీని ఇంతకాలము బ్రతికించినది. అయితే ఆ వెసులుబాటునకు ఒక షరతు కలదు. అచ్చట అనునది ఒకటి ఎల్లప్పుడును మిగిలియుండవలెను.

అది మిగులని వంశము కథ మనకు తెలియును. రిడ్లీకి కెంప్స్ రిడ్లీ అను చెల్లెలు జాతి ఒకటి కలదు. మెక్సికో సింధుశాఖలో రాంచో నువేవో అను తీరమే దానికి ముఖ్యమైన గ్రుడ్లచోటు. 1947లో ఆంద్రేస్ హెర్రేరా అను ఇంజనీరు అచట ఒక పగలు తాబేళ్ల రాకను చలనచిత్రముగ తీసెను. దానిని తరువాత చూచిన శాస్త్రజ్ఞులు ఆనాడు 40,000 వరకు ఆడ తాబేళ్లు ఒడ్డెక్కినవని అంచనా వేసిరి. గ్రుడ్లను త్రవ్వి అమ్ముకొనుట, రొయ్యల వలలలో పెద్దవి చిక్కి చచ్చుట - ఈ రెండు కారణములు కలసి 1985 నాటికి ఆ జాతి గూళ్లన్నియు కలిపి 702కు దిగినవి. నలువది వేలు చూచిన కన్నులు నలువది యేండ్ల లోపల ఏడువందలు చూచినవి. మెక్సికో, అమెరికాల ఉమ్మడి శ్రమచే అది మరల కొంత తేరుకొనినది. ఒకే తిన్నెపై ఆధారపడిన వంశము ఎంత పెద్దదైనను ఎంత త్వరగ కూలునో అది చూపినది. లక్షల గూళ్లుగల ఒడిశా తీరమును చూచి మన తీరమును విడువవచ్చుననువారు దీనిని గమనింపవలెను. అదియు కాక సామూహికాగమనము ప్రతియేట నిశ్చయముగ జరుగునది కాదు. గహీర్మఠకు తాబేళ్లు మందగ రాని ఏండ్లున్నవి. వచ్చిన ఏడు సైతము చోటు చాలక, వెనుక వచ్చినది ముందు వచ్చినదాని గ్రుడ్లను త్రవ్విపోయుట అచట సాధారణము. చెదురుమదురుగ ఉన్న గూటికి ఆ బాధ లేదు.

చెదరిన కొలువును గూర్చి కొల్లేటి దేశమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమగోదావరిలోని ఆరేడు గ్రామమున చెట్లపై గూళ్లు కట్టుకొనిన గూడబాతుల కొలువును కనుగొని లోకమునకు తెలిపెను. 1970 దశకము తరువాత ఈ ప్రాంతపు గూడబాతుల పూర్వవైభవము చెదరిపోయెను. ఆ తరువాత కైకలూరు చెంత ఆటపాకలో అటవీశాఖవారు చెరువునడుమ ఇనుప స్టాండ్లు నిలుపగ గూడబాతులు వానిపై మరల గూళ్లు కట్టుకొనినవి. పక్షికి చెట్టు పోయినచో ఇనుపకొమ్మ చేసి ఈయవచ్చును. తాబేటికి పోయిన సముద్రపుటొడ్డును ఎవరు చేసి ఈయగలరు? గోదావరి, కృష్ణలపై ఆనకట్టలు, జలాశయములు నిలిచిన తరువాత సముద్రమును చేరు ఒండ్రు తగ్గినది. ఉప్పాడవంటి చోట సముద్రము ఊరిని కోయుచున్నది. మిగిలిన ఇసుకపై నీటి అంచువరకు సరుగుడు తోటలు నాటినచో గొయ్యి త్రవ్వుటకు చోటు కరవగును. విడిదిగృహముల దీపములు వెలిగినచో, రాత్రి గూడు వెడలిన పిల్లలు వెలుతురున్నదే సముద్రమని భ్రమించి ఊరివైపు నడచి ఎండకు మాడిపోవును.

అన్నిటికంటె పెద్ద ఆపద వల. తాబేలు నీటిలో బ్రతికినను గాలి పీల్చు ప్రాణి. ట్రాలరు గంటలకొలది ఈడ్చు వలలో చిక్కినచో పైకి వచ్చి శ్వాసింపలేక మునిగి చచ్చును. 2025 జనవరిలో చెన్నై తీరమునకు వందలకొలది కళేబరములు కొట్టుకొనివచ్చినవి. తూర్పుతీరమున మరపడవల వేట నిషేధము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు. అది చేపల సంతానము కొరకు ఏర్పరచినది. తాబేళ్లు జతకట్టుటకు, గ్రుడ్లు పెట్టుటకు ఒడ్డు చేరు నెలలలో అత్యధికము అప్పటికే గడచిపోవును. వలలో ఇనుపచువ్వల జల్లెడయు, దాని ముందు తప్పించుకొను ద్వారమును అమర్చినచో రొయ్య వెనుకకు జారును, తాబేలు బయటపడును. ఈ పరికరము లేని దేశముల రొయ్యలను కొనమని అమెరికా పట్టుపట్టగ, భారతదేశము తక్కిన మూడు దేశములతో కూడి ప్రపంచ వాణిజ్యసంస్థలో వాదించెను. 1998లో తీర్పు వచ్చెను. తీర్పులు వచ్చి పాతికేండ్లు దాటినను జల్లెడలు అన్ని వలలకు రాలేదు. దీనికి మత్స్యకారుని ఒక్కని దోషిగ నిలుపుట న్యాయము కాదు. వల ద్వారమున కొంత చేప కూడ జారిపోవునని అతని భయము; ఆ నష్టమును, పరికరపు వెలను ప్రభుత్వము భరింపక అతనిపై మోపుట ధర్మము కాదు. వలలో సజీవముగ చిక్కిన తాబేటిని కూర్మావతారమని మ్రొక్కి విడుచువారు ఆ కుటుంబములలోనే ఉన్నారు. శ్రీకూర్మమున కూర్మనాథునకు కోవెల కట్టిన నేల ఇది. ఆ భక్తి జనవరి మొదలు మార్చి వరకు నదీముఖములకడ ట్రాలర్ల నిలుపుదలగ, రాత్రివేళ తీరదీపముల ఆర్పుగ, కదలని ఇసుకకు రక్షణగ మారవలెను. అధికారులు చేయవలసిన పని ఈ మూడే.

ఉపాధ్యాయులు చేయగలిగినదియు కలదు. ఏలూరు, తాడేపల్లిగూడెముల నుండి పేరుపాలెము ఒక పూట ప్రయాణము. విహారయాత్రకు పిల్లలను తీసికొనిపోవు వారు దానిని ఫిబ్రవరి ఉదయమునకు మార్చుకొనవచ్చును. తెల్లవారుజామున గాలి చెరపకమునుపే రెండు చాళ్ల అడుగుజాడ కనబడినచో, దాని కొలతను, తేదీని, చోటును నోటుపుస్తకమున వ్రాసికొని అటవీశాఖవారికి తెలుపవచ్చును. గూటిని త్రవ్వరాదు, గ్రుడ్డును తాకరాదు, పిల్లలను చేతితో ఎత్తి ఛాయాచిత్రములు తీయరాదు. చచ్చిన తాబేలు కనబడినను లెక్క వ్రాయవలెను. ఇట్లు ప్రతియేట వ్రాసినచో పదియేండ్లకు ఒక పాఠశాల చేతిలో మన తీరపు చరిత్ర ఒకటి నిలుచును. చెదురుమదురు గూళ్ల లెక్కయే మన తీరమునకు నేడు కొరతగ నున్నది. లెక్కకు రాని దానిని లేనిదానిగ త్రోసిపుచ్చుట సులభము.

తల్లి తాబేలు తన గ్రుడ్లను తలచుకొనునని పూర్వులు చెప్పిన మాట ప్రకృతిశాస్త్రమునకు సరిపడదు. తల్లి తలచదు, ఇసుక పొదుగును, బిడ్డ గుర్తుంచుకొనును. ఈ ఏటి గూటిలో నేడు కన్ను తెరచిన ఆడుబిడ్డ పది పదునైదేండ్లకు మరల ఈ తీరమునకు వచ్చును. నేడు ఎనిమిదవ తరగతిలో కూర్చొనిన బాలిక అప్పటికి ఉపాధ్యాయినియై తన పిల్లలను ఆ ఒడ్డునకే తీసికొనిపోవచ్చును. ఆనాటికి అచట గొయ్యి త్రవ్వుటకు ఇసుక ఉండవలెను.